'అ' దగ్గర ఆగిన పుస్తకం: కొమర్రాజు లక్ష్మణరావు గారి జీవితం



స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని మన సంఘం అడిగినప్పుడు, నేను పరిశ్రమల గురించే రాస్తానని చాలామంది అనుకున్నారు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో బాయిలర్ల మధ్య, రియాక్టర్ల మధ్య ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ణి కాబట్టి అలా అనుకోవడంలో తప్పులేదు. అయినా నేను పుస్తకాల మనిషి ఒకాయన గురించి రాయదలచుకున్నాను. కారణం మీకు తెలిసిందే. స్వర్ణోత్సవ నిధితో బడికి ఏం చేయాలన్న చర్చ మన సంఘంలో ఇంకా తేలలేదు. ముఖద్వారం దగ్గర కమాను కట్టించాలని కొందరు, శాశ్వత వేదిక కట్టాలని కొందరు, లైబ్రరీ గది కావాలని కొందరు అంటున్నారు. ఫోన్లోనే అన్నీ దొరుకుతుంటే లైబ్రరీ ఎందుకన్న మాట కూడా వచ్చింది. ఆ మాటకు నా జవాబు ఈ జీవిత కథ.

కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. తల్లి గంగమ్మ, తండ్రి వెంకటప్పయ్య. పిల్లవాడికి మూడేళ్లు నిండుతున్న రోజుల్లోనే తండ్రి పోయారు. చిన్ననాటి చదువు భువనగిరిలో సాగింది. భువనగిరి మనకెంత దగ్గరో చెప్పనక్కర్లేదు, మన బ్యాచ్‌లో సగం మంది గుట్టకెళ్లి వస్తూ దిగి టీ తాగిన ఊరే.

ఆ ఇంట్లో చెప్పుకోవలసిన మనిషి మరొకరున్నారు. అక్క అచ్చమాంబ. ఆమెకు చిన్న వయసులోనే భండారు మాధవరావు గారితో పెళ్లయింది. ఆయన నాగపూరు వైపు పనిచేసే ఇంజనీరు. తల్లి, తమ్ముడు కూడా ఆ ఇంటికే చేరారు. ఆడపిల్లకు బడి లేని కాలం. తమ్ముడు పాఠాలు చదువుకుంటుంటే పక్కన కూర్చుని ఆమె అక్షరాలు నేర్చుకున్నారు. అలా నేర్చుకున్న చదువుతోనే భారతీయ స్త్రీల జీవిత చరిత్రలు సేకరించి 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల ప్రచురించారు. 1902లో ధనత్రయోదశి అనే కథ రాశారు. తెలుగులో తొలి కథ ఎవరిదన్న చర్చ ఈనాటికీ వస్తే ముందుగా వినిపించే పేర్లలో ఆమెది ఒకటి. 1905లో, ముప్పై ఏళ్లు దాటీ దాటకముందే ఆమె కన్నుమూశారు.

ఇంట్లో ఒకరికోసం తెచ్చిన పుస్తకం పక్కనున్నవారిని కూడా మనుషుల్ని చేస్తుందని లక్ష్మణరావు గారికి ఎవరూ పాఠంగా చెప్పనక్కర్లేకపోయింది. ఆయన కళ్లముందే అక్క అలా ఎదిగారు. తర్వాతి కాలంలో ఆయన చేసిన పనులన్నిటికీ వేరు అక్కడే ఉందని నా నమ్మకం.

నాగపూరు చదువువల్ల ఆయనకు మరాఠీ మాతృభాషంత దగ్గరయింది. మరాఠీ పత్రికలకు వ్యాసాలు రాశారు. సంస్కృతం, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, బెంగాలీ కూడా వచ్చు. 1900లో బి.ఏ., తర్వాత ఎం.ఏ. పూర్తిచేశారు. మరాఠీలో చరిత్ర మీద, శాస్త్రాల మీద వస్తున్న పుస్తకాలు చూసినకొద్దీ, ఇవే పుస్తకాలు తెలుగులో ఎందుకు లేవన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. అంత చదివినవాడికి ఆ రోజుల్లో సర్కారు కొలువు కష్టం కాదు. ఆయన మాత్రం మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి దగ్గర దివానుగా చేరారు. చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో దీవిలా కృష్ణా జిల్లాకు చెందిన చిన్న పరగణా మునగాల. దివానుకు రెండు వైపులా రాకపోకలుండేవి. ఆ రాకపోకలే హైదరాబాదుకు మేలు చేశాయి.

1901 నాటి హైదరాబాదును ఒక్కసారి ఊహించుకోండి. సంస్థానం జనాభాలో సగానికి దగ్గరగా తెలుగువాళ్లే. కచేరీ భాష ఉర్దూ. పై చదువులు తెలుగులో లేవు. ఇంట్లో తెలుగు మాట్లాడి బయట ఆ సంగతి దాచుకునే పరిస్థితి. అటువంటి ఊళ్లో 1901 సెప్టెంబరు 1న, రెసిడెన్సీ బజారు ప్రాంతంలో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. లక్ష్మణరావు గారికి అప్పటికి 24 ఏళ్లు. మునగాల రాజావారు అండగా నిలిచారు. ఆదిపూడి సోమనాథరావు వంటివారు చేయి కలిపారు. భవనం లేదు, సర్కారు నిధి లేదు. ఉన్నదల్లా ఒక మిత్రుడి ఇల్లు, కొన్ని పుస్తకాలు, వచ్చినవాడికి తలుపు తెరిచే మనిషి.

సంస్థానంలో ఆధునిక పద్ధతిలో నడిచిన తొలి తెలుగు గ్రంథాలయం అది. దాన్ని చూసి 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చింది. భాషానిలయానికి సొంత భవనం 1921లో గాని సమకూరలేదు. ఇరవై ఏళ్లు అది ఇల్లు లేకుండానే నడిచింది. ఈ మాట మన సంఘంలో భవన నిర్మాణం గురించి మాట్లాడే మిత్రులు గమనించాలని ప్రత్యేకంగా రాస్తున్నాను. సుల్తాన్ బజారులో ఆ భవనం నేటికీ ఉంది. కోఠికి పుస్తకాలకోసం వెళ్లే మన పిల్లలు రెండడుగులు పక్కకు వేస్తే కనబడుతుంది.

గ్రంథాలయం పెట్టాక లక్ష్మణరావు గారికి అసలు సమస్య ఎదురయింది. అరలు ఉన్నాయి గాని అరల్లో పెట్టడానికి కావలసిన పుస్తకాలు తెలుగులో లేవు. కావ్యాలున్నాయి, శతకాలున్నాయి, పురాణాలున్నాయి. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం, ప్రపంచ చరిత్ర, రోగాలు, ఆరోగ్యం మీద సామాన్యుడు చదివే పుస్తకాలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. ఇంజనీరు భాషలో చెప్పాలంటే పైపులైను వేశాక ట్యాంకులో నీళ్లు లేవని తెలిసినట్టు. అప్పుడాయన ట్యాంకు నింపే పని మొదలుపెట్టారు.

1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆచంట లక్ష్మీపతి, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు వంటివారు ఈ పనిలో ఆయన తోడు. మండలి తొలి పుస్తకం గాడిచర్లవారు రాసిన అబ్రహాం లింకను చరిత్ర. కట్టెలు కొట్టే ఇంటిలో పుట్టి దేశాధ్యక్షుడైనవాడి కథతో మొదలుపెట్టడంలోనే వారి ఉద్దేశం తెలుస్తుంది. ఆ తర్వాత లక్ష్మణరావు గారే హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము రాశారు. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము 1910 నుంచి సంపుటాలుగా వచ్చింది. లక్ష్మీపతి గారు వైద్యుడిగా జీవశాస్త్రం మీద, అంటురోగాల మీద రాశారు. కట్టమంచి రామలింగారెడ్డి గారి అర్థశాస్త్రం వచ్చింది. పదార్థ విజ్ఞానం, రసాయనం మీద కూడా పుస్తకాలు వేశారు. చరిత్ర నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. 1908లో మండలి మద్రాసుకు తరలింది. లక్ష్మణరావు గారి మకాం కూడా క్రమంగా అక్కడికే మారింది.

రసాయనశాస్త్రం తెలుగులో రాయడమంటే ఏమిటో మన వాడలో పనిచేసినవాళ్లకు బాగా తెలుస్తుంది. కొత్తగా చేరిన హెల్పరుకు, అతడు తెలుగు మీడియం పదో తరగతి చదివినవాడైతే, ద్రావకం ఎందుకు మండుతుందో, ఆవిరి ఒత్తిడి ఎందుకు పెరుగుతుందో తెలుగులో చెబితే ఒక్కసారికే ఎక్కుతుంది. ఇంగ్లీషులో గోడమీద అతికించిన కాగితం పదేళ్లున్నా ఎక్కదు. అర్థంకాని కాగితానికి మా రంగంలో కట్టే మూల్యం కాలిన చేతులు, పోయిన ప్రాణాలు. మన బడిలో సైన్సు మాస్టార్లు తెలుగులో చెప్పిన పాఠమే నన్ను ఇంజనీరింగు దాకా మోసింది. ఆ పాఠంలోని మాటలు ఎవరో ఒకరు మొదట కూర్చుని ఆలోచించి పెట్టినవే కదా! అటువంటి పనిని వందేళ్లకు పైగా వెనక, జీతం లేకుండా, ఒక దీక్షగా చేసినవారు విజ్ఞాన చంద్రికవారు.

ఇక ఆయన చేపట్టిన అన్నిటికంటె పెద్ద పని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ప్రపంచంలోని విషయాలన్నిటినీ అక్షరక్రమంలో తెలుగులో చెప్పాలన్న సంకల్పం. 1912 ప్రాంతంలో పని మొదలయింది. మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి పండితులు సహాయకులుగా చేరారు. రాజద్రోహం కేసులో మూడేళ్లు జైలులో గడిపి వచ్చిన గాడిచర్లకు కూడా లక్ష్మణరావు గారు ఈ పనిలో చోటిచ్చారు. జైలునుంచి వచ్చినవాడి గుమ్మం తొక్కడానికి అయినవాళ్లే భయపడే రోజులవి. ఆ గాడిచర్లే తర్వాత గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు పెద్ద దిక్కయ్యారు.

విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువడింది. అకారం మాత్రం దాటలేదు. నవ్వుకోకండి. 'అ' అక్షరంలో అంకగణితం నుంచి అశోకుడిదాకా, అణువునుంచి అమెరికాదాకా ఎన్ని వస్తాయో ఒక్కసారి కాగితం మీద రాసి చూడండి. ప్రఖ్యాత బ్రిటానికా తొలిసారి 1768–71 మధ్య మూడు సంపుటాలుగా వచ్చినప్పుడు, మొదటి సంపుటమంతా వాళ్ల మొదటి రెండు అక్షరాలకే సరిపోయింది. మిగిలిన అక్షరాలన్నీ రెండు సంపుటాల్లో కుక్కారు. లక్ష్మణరావు గారు కుక్కడానికి ఒప్పుకోలేదు. ప్రతి వ్యాసం తాను చూడాలి, చాలావరకు తాను రాయాలి, తప్పు పోకూడదు. డబ్బు మాత్రం చందాదారుల నుంచి, దాతల నుంచి వచ్చినంతే.

ఇక్కడ ఆయన మీదున్న గౌరవంతోనే ఒక మాట చెప్పాలి. ఆయన పెరిగిన నాగపూరులోనే శ్రీధర్ కేత్కర్ గారు మరాఠీ జ్ఞానకోశానికి సంస్థ ప్రారంభించారు. వాటాలు అమ్మి మూలధనం పోగుచేసి, పనిని విభాగాలుగా పంచి, 1920లలో 23 సంపుటాలు పూర్తిచేశారు. మన పని ముందు మొదలయింది, వెనకబడింది. పాండిత్యంలో తేడా లేదు. ఏర్పాటులో తేడా ఉంది. ఒక్క మనిషి మీద నడిచే యంత్రం, ఆ మనిషి మంచాన పడిన రోజున ఆగిపోతుంది. ఫ్యాక్టరీలో అయినా, సంఘంలో అయినా, బడి లైబ్రరీలో అయినా ఇదే సూత్రం. ఆయన జీవితం నుంచి స్ఫూర్తి ఒకటే తీసుకుని ఈ పాఠం వదిలేస్తే మనం సగమే నేర్చుకున్నట్టు.

మద్రాసులో లక్ష్మణరావు గారి ఇల్లు తెలుగు పండితులకు సత్రంలా ఉండేది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1919 మే 27న కన్నుమూసింది ఆ ఇంట్లోనే. నాలుగేళ్లు దాటిన కొద్ది రోజులకే, 1923 జులై 12న, లక్ష్మణరావు గారు కూడా మద్రాసులోనే తుదిశ్వాస విడిచారు. వయసు 46. ఇది రాస్తున్న నాకంటే చిన్నవాడు. మీలో చాలామందికంటే కూడా.

ఆయన పోయాక ఏం మిగిలిందో చూద్దాం. విజ్ఞాన సర్వస్వాన్ని 1930లలో ఆంధ్ర పత్రిక అధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మళ్లీ తలకెత్తుకుని కొన్ని సంపుటాలు తెచ్చారు. 1938లో ఆయనా కాలం చేయడంతో అదీ ఆగింది. స్వాతంత్ర్యం వచ్చాక తెలుగు భాషా సమితి విషయాలవారీగా సంపుటాలు వేసింది. హైదరాబాదునుంచే సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం ఎనిమిది సంపుటాలు వచ్చింది. 2003లో తెలుగు వికీపీడియా మొదలయింది. అందులో కృషిచేసే స్వచ్ఛంద రచయితలకు ఇచ్చే పురస్కారానికి లక్ష్మణరావు గారి పేరే పెట్టుకున్నారు. ఫోన్లో అన్నీ దొరుకుతాయన్న మిత్రులకు నా మనవి ఇదే. ఫోన్లో తెలుగులో దొరికే ప్రతి సమాచారం వెనక, ఎక్కడో ఒక లైబ్రరీలో కూర్చుని పుస్తకం తిరగేసి రాసిన మనిషి ఉంటాడు. పుస్తకం లేకపోతే ఫోన్లోకి ఎక్కించడానికేం ఉండదు.

హైదరాబాదులో 1922 ప్రాంతంలో మొదలైన చరిత్ర పరిశోధక సంఘం, ఆయన మరణం తర్వాత లక్ష్మణరాయ పరిశోధక మండలిగా పేరు మార్చుకుంది. ఆదిరాజు వీరభద్రరావు గారు దానికి ప్రాణం. ఊరూరా తిరిగి రాళ్లమీది అక్షరాలను నకళ్లు తీసి తెలంగాణ శాసనాలు ప్రచురించింది ఆ మండలే. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం పల్లెల్లో గ్రంథాలయాలు, బడులు పెట్టడాన్నే ముఖ్యమైన పనుల్లో ఒకటిగా తీసుకుంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఇవన్నీ రంగారావు గారి ఇంట్లో తెరిచిన తలుపులోంచి వచ్చినవేనంటే అతిశయోక్తి కాదు. ఇంట్లోనూ వారసత్వం నిలిచింది. అక్క పేరు పెట్టుకున్న కూతురు కొమర్రాజు అచ్చమాంబ డాక్టరయ్యారు. 1957లో విజయవాడనుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తమ్ముడి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దిన ఆనాటి అచ్చమాంబను తలచుకుంటే ఇది చిన్న ప్రయాణం కాదు.

ఇక మన సంగతి. మన బడిలో లైబ్రరీ అంటే మనందరికీ గుర్తున్నది రెండు ఇనుప బీరువాలు. తాళంచెవి తెలుగు మాస్టారి దగ్గర ఉండేది. శనివారం చివరి పీరియడులో తెరిచేవారు. వరుసలో ముందున్నవాడికి బొమ్మల పుస్తకం, వెనకున్నవాడికి మిగిలింది. అలా మిగిలినవి చదివే మాలో కొందరికి చదవడం అలవాటయింది. మా నాన్నలు ఫ్యాక్టరీల్లో మూడు షిఫ్టులు చేసేవాళ్లు. ఇంట్లో పుస్తకం అంటే పంచాంగం, రేషన్ కార్డు. ఆ రెండు బీరువాలే లేకపోతే మా బ్యాచ్‌లో ఇంత మంది టీచర్లు, ఇంజనీర్లు అయ్యేవారని నేననుకోను.

ఈరోజు బడిలో చదివే పిల్లల్లో ఎక్కువమంది ఒడిశా నుంచి, బీహారు నుంచి, శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి పనికి వచ్చినవారి బిడ్డలు. వాళ్లది ఒక్క గది ఇల్లు. సాయంత్రం కూర్చుని చదువుకోవడానికి వెలుతురున్న చోటు ఉండదు. ఒకటే ఫోను, అదీ నాన్నతో డ్యూటీకి వెళ్తుంది. కమాను కింద నుంచి వాళ్లు నడిచి వెళతారు. వేదిక ఏడాదికి రెండుసార్లు వాడతారు. సాయంత్రం ఏడింటిదాకా తెరిచి ఉండే గది ఒకటి ఉంటే రోజూ కూర్చుంటారు.

మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుందని చాలామందికి తెలియదు. పన్ను రశీదు తీసి చూసుకోండి. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు చేరడంలో ఆలస్యమని, బకాయిలున్నాయని పత్రికల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. అడగవలసింది అడుగుదాం. కానీ సెస్సు వచ్చేదాకా మన పిల్లలు పెరగకుండా ఆగరు. లక్ష్మణరావు గారు కూడా సర్కారు వారి అనుమతి పత్రం, నిధి వచ్చేదాకా ఆగలేదు.

అందుకే సంఘం ముందు నా ప్రతిపాదన మూడు ముక్కల్లో పెడుతున్నాను. కొత్త గది కట్టనక్కర్లేదు, ఖాళీగా ఉన్న పాత క్రాఫ్టు గదికి సున్నం వేసి, లైట్లు, బల్లలు పెడితే చాలు. నిధిలో సగం పుస్తకాలకు కాదు, మనిషికి కేటాయించాలి. సాయంత్రం మూడు గంటలు కూర్చుని తలుపు తెరిచే మనిషికి నెలనెలా జీతం వడ్డీమీద వచ్చేలా బ్యాంకులో వేయాలి. మూడోది, బాధ్యత ఒక్కరిమీద పెట్టవద్దు. బ్యాచ్‌కు ఒకరు చొప్పున కమిటీ ఉండి, ఏటా ఒక బ్యాచ్ చూసుకుంటే, ఎవరు మంచాన పడినా, ఎవరు అమెరికా వెళ్లినా తలుపు మూతపడదు.

వార్షిక సర్వసభ్య సమావేశంలో ఇది ఓటుకు వస్తుంది. కమాను వైపు చేయెత్తే మిత్రులతో నాకు పేచీ లేదు. చేయెత్తే ముందు ఒక ఆదివారం సుల్తాన్ బజారు వెళ్లి ఆ భాషానిలయం మెట్లెక్కి రండి. మా బ్యాచ్ తరఫున మొదటి విడతగా రెండు బల్లలు, తెలుగులో సైన్సు పుస్తకాలు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఓటు ఎలా తేలినా అవి బడికే చేరతాయి. తలుపు తెరిచే మనిషిని మాత్రం మనమందరం కలిసే పెట్టుకోవాలి.